శ్రావణంలో రాయల్ ఐసింగ్: అరవై కొండపల్లి కుకీల కథ

విజయవాడలో రాయల్ ఐసింగ్, అంటే కుకీల మీద బొమ్మలు వేసే, ఆరితే గట్టిపడే పంచదార పూత పని పెట్టుకునేవాళ్ళు ఓవెన్ కంటే ముందు క్యాలెండర్ చూసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి కుకీల మీద ఐసింగ్ పోసి పడుకుంటే, తెల్లారేసరికి గోటితో కొడితే టక్కుమంటుంది. మే నెలలో ఐసింగ్ దాకా రానేరాము, పిండిలో వెన్నే చేతుల్లో కరిగి కారిపోతుంది. ఇక శ్రావణ భాద్రపదాలంటారా, దండెం మీద బట్టలే ముక్క వాసన కొట్టే రోజులు. గాల్లో తేమ కనిపిస్తే పీల్చుకునే జాతి పంచదారది. అది ఆ రోజుల్లో ఎందుకు ఆరుతుంది? మా చెల్లెలి కొడుకు మొదటి పుట్టినరోజు సరిగ్గా శ్రావణంలోనే వచ్చింది.

"అక్కా, కొండపల్లి బొమ్మల థీమ్ అనుకున్నాం. స్టేజీ మీద పెద్ద అంబారీ ఏనుగు పెడుతున్నారు. రిటర్న్ గిఫ్టుల్లో నీ కుకీలు వెయ్యాలి. ఎక్కువేం కాదు, అరవై చాలు" అంది ఫోన్లో.

నేను సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే కేకులు, కుకీలు చేసి అమ్ముతుంటాను. యూనికార్న్‌లు, అడవి జంతువులు, కార్ల బొమ్మలు చేసీ చేసీ విసుగెత్తి ఉన్నానేమో, కొండపల్లి అనగానే నెల కూడా చూసుకోకుండా సరేనన్నాను. వాళ్ళ అత్తగారిది ఇబ్రహీంపట్నం, కొండపల్లికి పక్కనే. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: గుడ్డు తగలకూడదు. శ్రావణమంతా ఆవిడ గుడ్డు ముట్టరు, వచ్చే చుట్టాల్లో సగంమంది అంతే.

తేమ ఒక పక్క, గుడ్డు లేకపోవడం ఇంకో పక్క. రాయల్ ఐసింగ్ మొత్తం నిలబడేదే గుడ్డు తెల్లసొన మీద. ఐసింగ్ షుగర్‌లో, అంటే మైదాలా మెత్తటి పంచదార పొడిలో, తెల్లసొన వేసి గిలకొడితే అందులోని ప్రోటీన్ గాలిని పట్టుకుంటుంది, నీళ్ళు ఆరిపోయాక పంచదారతో కలిసి గట్టిపడుతుంది. పచ్చి గుడ్డు భయం ఉన్నవాళ్ళు మెరింగ్ పౌడర్ వాడతారు. పొడి కదా, వెజ్ అనుకుని కొనేవాళ్ళు చాలామంది. డబ్బా తిప్పి చూడండి, అది ఎండబెట్టిన తెల్లసొనే. ఆకుపచ్చ చుక్క ఉండదు. కాబట్టి అదీ పనికిరాదు.

మిగిలింది శనగలు ఉడికించిన నీళ్ళు. 2014లో జోయెల్ రెస్సెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు వీటిని తెల్లసొనలా నురగ కట్టించవచ్చని చూపించాడు. మరుసటి ఏడాదికల్లా గుడ్డు తినని బేకర్లందరూ దాన్ని అందిపుచ్చుకుని ఆక్వాఫాబా అనడం మొదలుపెట్టారు. శనగల్లోంచి నీళ్ళలోకి దిగే ప్రోటీన్, పిండిపదార్థం కలిసి తెల్లసొన చేసే పనే చేస్తాయి. శ్రావణమాసంలో తెలుగువాళ్ళింట్లో శనగలకి కొదవేముంది? మా వంటింట్లో వాయనాల శనగలు ఒక బేసిన్ నిండా ఉన్నాయి. కానీ అవి నల్ల శనగలు. వాటి నీళ్ళు ముదురు రంగులో ఉంటాయి, తెల్లటి ఐసింగ్‌కి పనికిరావు. అందుకని కాబూలీ శనగలే తెప్పించాను.

పద్ధతి ఇది. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. మంచినీళ్ళు పోసి ఉప్పు వెయ్యకుండా కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. వెంటనే వార్చకూడదు, శనగలతో పాటే ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే నీళ్ళు చిక్కబడతాయి. అప్పుడు వడకట్టి, ఇంకా పల్చగా ఉంటే సన్నటి మంట మీద మరగనివ్వాలి. చల్లారాక వేళ్ళ మధ్య తెల్లసొన అంత జిగురు తగలాలి. పల్చటి నీళ్ళతో నురగ వస్తుంది గానీ నిలవదు, అరగంటలో కింద నీరు దిగిపోతుంది. ఉడికిన శనగలు ఏం చేశావని అడగొద్దు. చోలే, శనగల సలాడ్, మళ్ళీ చోలే. మా ఆయన నాలుగో పూట ఏమీ అనకుండా పెరుగన్నం కలుపుకున్నారు.

అరకిలో ఐసింగ్ షుగర్‌కి ఆరు టేబుల్‌స్పూన్ల దాకా ఈ నీళ్ళు పడతాయి. పావు టీస్పూన్ క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి వేస్తే నురగ గట్టిగా నిలుస్తుంది, అది లేకపోతే నాలుగు చుక్కల నిమ్మరసం. గిన్నె స్టీలుదో గాజుదో అయ్యుండాలి. ప్లాస్టిక్ గిన్నె ఎంత తోమినా నూనె జిడ్డు వదలదు, ఆ జిడ్డు ఏ కాస్త ఉన్నా నురగ లేవదు. నేను నిమ్మచెక్కతో గిన్నె, బీటర్ పుల్లలు రుద్ది, తుడిచి మొదలుపెడతాను. పచ్చి ఐసింగ్‌కి కాస్త శనగల వాసన ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. వెనిలా పడి ఆరిపోయాక ఎవరూ కనిపెట్టలేరు. మా అత్తయ్య తప్ప. ఆవిడ ముక్కు గురించి ఇక్కడ రాయకపోవడమే మంచిది.

ఐసింగ్ షుగర్ కొన్నదే వాడాలి. ఇంట్లో మిక్సీలో ఎంత మెత్తగా పట్టినా సన్నటి పలుకు ఉంటుంది. నాలుకకి తెలియదు గానీ ఐసింగ్ సంచి కొనకి తొడిగే సన్నటి ఒకటో నంబరు నాజిల్‌కి తెలుస్తుంది, అడ్డుపడి గీత మధ్యలో తెగిపోతుంది. కొన్న ప్యాకెట్లో గడ్డ కట్టకుండా కొంచెం కార్న్‌ఫ్లోర్ కలుపుతారు, అది మనకి మంచిదే. అయినా వస్త్రకాళితం పట్టాల్సిందే.

డిజైన్లు గీసుకునే ముందు కొండపల్లి వెళ్ళొచ్చాను. ఫోటోలు ఫోన్లో బోలెడు దొరుకుతాయి. కానీ ఫోటోలో రంగు తెలుస్తుంది, ఏ రంగు మీద ఏ రంగు ఏ వరసలో పడిందో తెలియదు. బొమ్మల కాలనీలో ఇంటి ముందే కూర్చుని పని చేసుకుంటున్న ఒకాయన దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కర్ర తెల్లపొణికి. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ముందు కర్రలో తేమ పోయేదాకా సెగ పెడతారు. ఏనుగు ఒంటి ముక్క, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాని మీద తెల్లటి పూత. అది ఆరాకే రంగులు. నేను చూసినాయన లేత రంగులన్నీ ముందు వేశారు, ఎరుపు, నీలం తర్వాత. కళ్ళు, కనుబొమలు, అంచుల గీతలు చిట్టచివర నల్లరంగుతో.

"తెలుపు పక్కన ఎరుపు పెడితే పాకదా బాబాయ్?" అని అడిగాను.

"ఆరనిస్తే ఎందుకు పాకుద్దమ్మా?" అన్నారు తలెత్తకుండానే.

నా పనిప్రణాళిక మొత్తం ఆ వరస ప్రకారమే వేసుకున్నాను. కొన్న పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఒక కుకీ తీసుకుని మొదటినుంచి చివరిదాకా పూర్తిచేసి పక్కన పెడతారు. అది పొడిగాలి ఉన్న దేశాల పద్ధతి. ఇక్కడ వానాకాలంలో అరవై కుకీలకీ ఒకే రంగు, అది ఆరాక అన్నిటికీ ఇంకో రంగు. విసుగు పుట్టే పనే, కానీ అలా చేస్తేనే ఒక రంగు ఇంకోదాన్లోకి పాకదు.

నాలుగు బొమ్మలు అనుకున్నాం: అంబారీ ఏనుగు, చిలక, ఎడ్లబండి, తాటిచెట్టెక్కుతున్న గీత కార్మికుడు. చెల్లి దశావతారాలు కూడా కావాలంది. "దేవుడి తల కొరుక్కు తినమని పిల్లల చేతికిస్తావా?" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అంబారీ ఏనుగు కట్టర్ ఎక్కడా దొరకదు. వన్‌టౌన్‌లో బేకరీ సామాన్లమ్మే దుకాణంలో మామూలు ఏనుగు కట్టరు, చిన్న చదరపు కట్టరు తీసుకున్నాను. పిండిలో ఏనుగు కోసి, వీపు మీద చదరం ముక్క ఆనించి, అతుకు దగ్గర వేలితో అదిమితే కాలేసరికి ఒకటే ముక్క అవుతుంది. చిలకకి కట్టర్ ఉంది. తాటిచెట్టుకి, ఎడ్లబండికి మాత్రం ఆకారం కొయ్యలేదు, పలకలు కోసి వాటి మీద బొమ్మ వేశాను. సన్నటి తాటిమాను ఆకారంలో కుకీ కోస్తే అది కవర్లో పెట్టేలోపే విరుగుతుంది.

కుకీ పిండి గురించి ఎక్కువ చెప్పను. 350 గ్రాముల మైదా, 200 గ్రాముల ఉప్పులేని వెన్న, 130 గ్రాముల పంచదార పొడి, యాలకుల పొడి, ముద్ద కట్టడానికి రెండు మూడు చెంచాల చల్లటి పాలు. దీనికి పాతిక కుకీల దాకా వస్తాయి. ఉప్పు మాత్రం చిటికెడు కాదు, అర టీస్పూన్ వేస్తాను. పైన పడేదంతా పంచదారే కాబట్టి కింద కాస్త ఉప్పు తగలాలి. బేకింగ్ పౌడర్ అస్సలు వద్దు, వేస్తే ఏనుగు కాస్తా పంది అవుతుంది. వెన్న, పంచదార కేకుకి గిలకొట్టినట్టు నురగొచ్చేదాకా గిలకొట్టినా అంతే. రెండు బటర్ పేపర్ల మధ్య ఆరు మిల్లీమీటర్ల మందాన వత్తి, కోసి, ట్రేతో సహా ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, 170 డిగ్రీల్లో పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు. ఓటీజీల్లో, అంటే ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో, వెనకవైపు వేడెక్కువ, మధ్యలో ట్రే తిప్పాలి. ఐసింగ్ పొయ్యడం మర్నాడే. కుకీలో ఏ మాత్రం వెచ్చదనం ఉన్నా వెన్న పైకొచ్చి ఐసింగ్ మీద నూనె మరకలు పడతాయి.

అసలు పని ఐసింగ్‌లో నీళ్ళ దగ్గర ఉంది. రంగులు, చెయ్యి తిరగడం అన్నీ ఆ తర్వాతే. గిలకొట్టగానే వచ్చేది గట్టి ఐసింగ్, బీటర్ ఎత్తితే కొన నిలబడుతుంది. దీన్ని కొంచెం సడలిస్తే అంచు గీతలకి, ఇంకా సడలిస్తే లోపల నింపడానికి. నింపే ఐసింగ్‌ని సెకన్లతో కొలుస్తారు. గిన్నెలో చాకుతో ఒక గాటు పెట్టి, ఆ గాటు పూడి పైన నున్నగా అవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. పది సెకన్లని ఒకరంటారు, పదిహేనని ఒకరంటారు. వానాకాలం బెజవాడలో నా లెక్క పాతిక. అంత చిక్కగా ఉంటే దానంతటది సర్దుకోదు, సూదితో అంచులదాకా జరపాలి, ప్రతి కుకీకి అర నిమిషం ఎక్కువ. అయినా నేను దానికే ఓటేస్తాను. ఐసింగ్‌లో వేసిన ప్రతి చుక్క నీరూ మళ్ళీ గాల్లోకి పోవాలి. ఆ గాలేమో అప్పటికే నిండి ఉంది. కాబట్టి పొయ్యకుండా ఉన్న చుక్కే మేలు. నీళ్ళు చెంచాతో కాదు, మొక్కలకి కొట్టే చిన్న స్ప్రే సీసా కొత్తది కొని దాంతో కలిపాను. రెండు పిచికార్లు కొట్టడం, కలపడం, గాటు పెట్టి చూడడం.

కుకీలు మెరవాలని కొందరు లిక్విడ్ గ్లూకోజ్ ఒక చెంచా వేస్తారు. చలికాలంలో వేసుకోండి. గ్లూకోజ్ తేమని పట్టుకుని ఉంచుతుంది, మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

రంగులు జెల్‌వే తీసుకోవాలి, సీసాల్లో వచ్చే పల్చటి రంగుల్లో నీళ్ళే ఎక్కువ. లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. మన దేశంలో తినే వాటిలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. పసుపుకి టార్‌ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, ఎరుపుకి కార్మోయిసిన్, పాన్సో 4ఆర్, ఎరిత్రోసిన్, నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్, ఆకుపచ్చకి ఫాస్ట్ గ్రీన్. ఆ ఎనిమిదిలో నలుపు లేదు చూడండి. నల్ల జెల్ అంటే వీటినే గాఢంగా కలిపిన మిశ్రమం. అందుకే నల్ల ఐసింగ్ తిన్న పిల్లల నాలుకలు నీలంగా తేలతాయి. నేను గట్టి ఐసింగ్‌లో ముందు కోకో పొడి కలిపి గోధుమరంగు చేసి, ఆపైన నలుపు కొద్దిగా వేస్తాను. జెల్ తక్కువ పడుతుంది, చేదు రాదు, పాకే గుణం కూడా తగ్గుతుంది. ఇంకో సంగతి, జెల్ రంగులు గంటలు గడిచేకొద్దీ ముదురుతాయి. ఎరుపు కలిపేటప్పుడు గులాబీకి కాస్త పైన ఆగిపోయి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి కొండపల్లి ఎరుపు దానంతటదే వస్తుంది. రాత్రే ముదురు ఎరుపు తెప్పించారా, మర్నాటికి రక్తం రంగు. తడిగుడ్డ మాత్రం తప్పనిసరి, లేదంటే పైన పెంకు కట్టి, ఆ పెంకు ముక్కలు నాజిల్‌లో ఇరుక్కుంటాయి.

అంచు గీత వెయ్యడం నాకు తేలిగ్గా వచ్చింది. నేర్పించినావిడ మా అమ్మే, ఆవిడకి ఐసింగ్ అంటే ఏమిటో తెలియకపోయినా. ముగ్గు వేసేటప్పుడు పిండి వాకిట్లో రాయరు కదా. చెయ్యి పైనే ఉంటుంది, వేళ్ళ మధ్యలోంచి పిండి జారుతుంటుంది, చెయ్యి ఎటు నడిస్తే గీత అటు పడుతుంది. ఐసింగ్ గీత కూడా అచ్చం అంతే. నాజిల్ మొదట కుకీకి తాకించి, నొక్కి, వెంటనే పైకెత్తాలి. ఐసింగ్ దారం గాల్లో వేలాడుతుంటే దాన్ని ఏనుగు వీపు మీదుగా తీసుకెళ్ళి పడుకోబెట్టాలి. నాజిల్‌ని పెన్నులా కుకీకి ఆనించి రాసేవాళ్ళకి గీత వణుకుతుంది. చివరకొచ్చాక ముందు నొక్కడం ఆపి, ఆ తర్వాతే దించాలి. మెలికల ముగ్గు వేసినవాళ్ళెవరైనా ఒక సాయంత్రంలో పట్టేస్తారు. అంచులకి రెండో నంబరు నాజిల్, ఏనుగు మీది జరీ పనికి, గిత్తల తాళ్ళకి ఒకటో నంబరు.

అసలు కుకీల కంటే ముందు ఏసీ లేని గదిలో నమూనాలు చేసి చూశాను, గాలి ఏం చేస్తుందో కళ్ళారా తెలియాలని. తెలిసింది. ఏనుగు చెవి, చిలక ముక్కు లాంటి చిన్నచిన్న గళ్ళలో ఐసింగ్ పొయ్యగానే నిండుగానే ఉంది, గంటకల్లా మధ్యలో గుంట పడి కూర్చుంది. పైపొర పెంకు కట్టేలోపే లోపలి నురగ కూలిపోవడం వల్ల వచ్చే గుంట అది. తెల్ల ఒంటి పక్కనున్న ఎరుపు దుప్పటి రాత్రికి రాత్రి తెలుపులోకి గులాబీ రంగు దించింది. ఐసింగ్ తడిగా ఉన్నంతసేపూ రంగు ఆ తడిలో కదులుతూనే ఉంటుంది. కొండపల్లిలో ఆయన అన్నదీ ఇదే.

కాబట్టి పడకగది ఖాళీ చేశాం. మంచం మీద ప్లైవుడ్ చెక్క, చెక్క మీద ట్రేలు, కిటికీ సందుల్లో పాత దుప్పట్లు. ఏసీ 24లో పెట్టి, రెండు టేబుల్ ఫ్యాన్లు ట్రేలకి ఏటవాలుగా తిప్పాను. చిన్న తేమ మీటరు కొని గోడకి తగిలించాను. హాల్లో ఎనభై దాటి చూపించే మీటరు ఆ గదిలో యాభై అయిదు దగ్గర ఆగింది. ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది, ఫ్యాన్ పైపొరని తొందరగా పెంకు కట్టిస్తుంది. రెండూ ఉండాల్సిందే. పైపొర ఎంత తొందరగా ఆరితే అంత మెరుపు కూడా. మెల్లగా ఆరిన ఐసింగ్ సున్నం కొట్టిన గోడ రంగులోకి తిరుగుతుంది. చిన్న గళ్ళకి ఇంకో ఉపాయం ఉంది: ముందు గట్టి ఐసింగ్‌తో అడుగున ఒక మెలిక తిప్పి, దాని మీద నింపే ఐసింగ్ పొయ్యాలి. కింద ఆసరా ఉంటే గుంట పడదు.

ఫ్రిజ్‌లో పెడితే ఆరవా అని చాలామంది అడుగుతారు. వద్దు. బయటికి తియ్యగానే చెమట పట్టి రంగులన్నీ కలిసిపోతాయి.

మొదట అన్నిటికీ తెల్ల పూత. ఏనుగు ఒళ్ళు, గిత్తల ఒళ్ళు, పలకల నేల. అవి ఒక రాత్రంతా ఆరాయి. తర్వాత పసుపు, లేత ఆకుపచ్చ. చిలకలు ఒక్కటే తడి మీద తడి పని. ఆకుపచ్చ పోసిన వెంటనే, అది పెంకు కట్టకముందే, రెక్క మీద ముదురు ఆకుపచ్చతో అడ్డగీతలు గీసి సూదితో పైనుంచి కిందికి లాగితే ఈకలు వచ్చేస్తాయి. చేతిలో రెండు నిమిషాల కంటే ఎక్కువ టైముండదు, అందుకని ఒక్కో చిలకకి పోయడం, గియ్యడం, లాగడం ఒకేసారి. ఇంత పెద్ద పనిలో నాకు నిజంగా హాయిగా అనిపించింది ఆ చిలకల పూటే.

ఎరుపు, నీలం తర్వాతి రాత్రి. ఏనుగు దుప్పటి, అంబారీ గొడుగు, గీత కార్మికుడి తలపాగా. పక్కపక్కనున్న రెండు గళ్ళు ఒకేసారి నింపితే కలిసిపోయి చదునవుతాయి. ఒకటి నింపి, పెంకు కట్టేదాకా ఆగి రెండోది నింపితే మధ్యలో గాడి నిలిచి బొమ్మకి ఉబ్బు వస్తుంది. చలికాలంలో పదిహేను నిమిషాలు ఆగితే సరిపోయేది, ఇప్పుడు నలభై అయిదు పట్టింది. శనగ నీళ్ళ ఐసింగ్ ఎటూ గుడ్డుదాని కంటే నెమ్మదిగానే ఆరుతుంది.

ఆ రాత్రే వాన మొదలై కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఫ్యాన్లు తిప్పుతుంది గానీ ఏసీని మొయ్యదు. తలుపు తెరిస్తే తేమ లోపలికొస్తుందని ఎవర్నీ గదిలోకి రానివ్వలేదు. మా అబ్బాయి తలుపు సందులోంచి టార్చి కొట్టి మీటరు అంకెలు చదువుతుంటే నేను ఫ్యాన్లు జరుపుతూ కూర్చున్నాను. అరవై, అరవై మూడు, అరవై ఏడు. కరెంటు వచ్చేసరికి డెబ్భై దాటింది. ఎరుపు ఎక్కడా పాకలేదు. కింది తెలుపు అప్పటికే గట్టిపడి ఉండడం, ఎరుపులో నీళ్ళు తక్కువుండడం, ఈ రెండే కాపాడాయి. కాస్త మెరుపు పోయింది, అంతే. కొండపల్లి బొమ్మలు నేను చూసినప్పుడల్లా తళతళలాడుతూ ఉంటాయి గనక నాకది కొంచెం బాధ. చూసినవాళ్ళెవరూ పట్టించుకోలేదు.

కళ్ళు ఆఖరున. ఏనుగు కన్ను కొండపల్లి పద్ధతిలో ఉండాలంటే చుక్క పెడితే చాలదు. పొడుగ్గా, తోక తీసిన కన్ను, దాని పైన విల్లులా కనుబొమ. నల్ల ఐసింగ్ ఒకటో నంబరు నాజిల్‌లో వేసి మొదలుపెడితే నాలుగైదింటికి చెయ్యి తిరిగింది. తినే సిరాతో వచ్చే పెన్నులు కూడా ఉన్నాయి గానీ ఈ తేమలో ఐసింగ్ మీద సిరా అలుక్కుంటుంది, నేను తియ్యలేదు. కన్ను పడేదాకా అవి ఏనుగు ఆకారం బిస్కెట్లు. కన్ను పడగానే మా అబ్బాయి "అమ్మా, ఇప్పుడు కొండపల్లి ఏనుగు" అన్నాడు.

ప్యాకింగ్‌కి తొందరపడకూడదు. పైన చెయ్యి పెడితే గట్టిగానే ఉంటుంది, లోపల ఇంకా తడి ఉండొచ్చు. ఒక కుకీని బలిచ్చి విరిచి చూడడమే పద్ధతి. విరిచినచోట ఐసింగ్ అడ్డంగా పొడిగా తెగితే సరే, సాగితే ఇంకో రాత్రి. ఒక్కో కుకీ ఒక్కో పారదర్శకపు కవర్లో పెట్టి హీట్ సీలర్‌తో అతికించాను. స్టేప్లర్ పిన్నులు కొట్టొద్దు, పిల్లలు తినేవి. కవర్లు అతికాక గాలి చొరని డబ్బాల్లో, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపరు. ఇలా ఉంటే వారం పైనే నిలుస్తాయి. డబ్బాలు కార్లో ఒళ్ళో పెట్టుకునే ఇబ్రహీంపట్నం తీసుకెళ్ళాం.

ఫంక్షన్లో పిల్లలు ముందు ఏనుగుల మీద పడ్డారు. పెద్దవాళ్ళలో ఎక్కువమంది గీత కార్మికుణ్ణి తీసుకున్నారు, ఎందుకో నాకు అంతుబట్టలేదు. చెల్లెలి అత్తగారు చిలకను కవరు తియ్యకుండా షోకేసులో బొమ్మల పక్కన పెట్టేశారు. "అత్తయ్యగారూ, అది తినేది, చీమలు పడతాయి" అన్నా వినలేదు. మా అత్తయ్యేమో ఒకటి కొరికి, ఐసింగ్ అంతా నాజూగ్గా పక్కకి వొలిచి, "ఇంత తీపి ఎవరు తింటారమ్మా? ఆ ఉత్త బిస్కెట్లు మిగిలితే నాలుగు నా డబ్బాలో వెయ్యి" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. రాయల్ ఐసింగ్ చూడ్డానికి ఎంత బాగుంటుందో తినడానికి అంత బాగుండదు. గట్టి పంచదార, అంతకు మించి రుచేం లేదు. ఎవరేమన్నా నా అభిప్రాయం మారదు. అందుకే కింది కుకీలో ఉప్పు, యాలకులు, మంచి వెన్న విషయంలో పిసినారితనం పనికిరాదని చెప్పేది.

ఆ సాయంత్రమే ఇద్దరు వినాయకచవితికి మోదకాల ఆకారంలో కుకీలు అడిగారు. ఐసింగ్ లేకుండా, అచ్చు గుద్దినవైతే చేస్తానన్నాను. ఐసింగ్ కావాలంటే సంక్రాంతికి రమ్మన్నాను.